విడిపోని వాసన

వెనెరా చెక్క గరిటెతో కూజా అడుగున ఉన్న కొవ్వును గీకి, ముద్దముద్దగా ద్రాక్షసారా సీసాలోకి దించుతోంది. అది ఎప్పుడో చెడిపోయిన సరుకు. చెడగొట్టినవాడు ఆమె మొగుడు సారో.

సముద్రతీరపు జాజితోటల నుంచి మోదికా ఊరికి కాపురానికి వచ్చేటప్పుడు ఆమె వెంట తెచ్చుకున్నది అత్తరు తీసే పనితనం ఒక్కటే. గాజు పలకల మీద కొవ్వు పూసి, దానిపై జాజిపూలు బోర్లించాలి. వాడినవి ఏరేసి కొత్తవి పరవాలి. సారోది చాక్లెట్ పని. వంపురాయి మీద కోకో నూరి నూరి అతని చేతులు ఎప్పుడూ ఆ చేదు వాసనే వేసేవి. ఒక వేసవిలో ఆమె జ్వరంతో పడుకుంటే, సాయం చేద్దామని దుకాణం నుంచి వచ్చి, చేతులైనా కడుక్కోకుండా పూలన్నీ మార్చాడు. కొవ్వుకి తన పర భేదం లేదు, తగిలిన వాసననల్లా తాగేస్తుంది. సరుకంతా పాడైంది. ఆమె తిట్ల ధాటికి వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి.

"పోనీలేవే, నీ జాజికి నా కోకోతో పెళ్లి చేశాననుకో" అని నవ్వాడు.

పారేయడానికి చేతులు రాక, ఆమె దాన్ని కూజాకెత్తి నేలమాళిగలో పడేసింది.

ఈస్టర్ ముందరి ఉపవాసాల్లో సారో పోయాడు. పోయినవాడి బట్టలు బీదలకు ఇవ్వాలి. మాసినవి ఇస్తే మర్యాద కాదని వెనెరా అన్నింటినీ బూడిదనీళ్లలో ఉడికించి ఉతికింది. అతను పనిలో కట్టుకునే ముందుగుడ్డను కూడా వదల్లేదు. కొడుకు వాసన ఉంటుందని దాన్ని దాచుకుందామని అత్తగారు దోన్నా క్రూచి చెయ్యి చాచేసరికి అది తీగ మీద తెల్లగా ఆరుతోంది.

"నా కొడుకుని ఉతికి ఆరేశావు కదే!" అంది ముసలామె. ఆనాటి నుంచి కోడలి చేతి తిండి ముట్టలేదు. పొరుగింటి తూరిద్దా చిక్కుడుగింజల చారు తెస్తే రెండు చెంచాలు తాగేది. ఇప్పుడు అదీ మానేసింది. పాదిరీగారు వచ్చి చివరి ఘడియల నూనె పూసి వెళ్లారు.

వెనెరా సీసా ఊపి, చల్లబరిచి, గుడ్డలో వడకట్టింది. పేలికపై చుక్క వేసి చూస్తే అంతా జాజే, సారో చేతుల వాసన లేదు.

"నాలుగు చుక్కలు కోకో నానబెట్టిన సారా కలిపెయ్యవే. మంచాన పడ్డ మనిషికి ఏం తెలుస్తుంది?" అంది పక్కనే ఉన్న తూరిద్దా.

"తెలుస్తుంది. అది కలిపితే దుకాణం వాసనొస్తుంది తూరిద్దా, మనిషి వాసన రాదు."

పేలికను కిటికీ దగ్గర పెట్టి ఊరుకుంది. సారా ఘాటు పోయింది. జాజి మెత్తబడింది. దాని వెనక నుంచి నల్లగా, చేదుగా కోకో వచ్చింది. అందులో కలిపే దాల్చినచెక్క వచ్చింది. చెమట పట్టిన అరచేయి వచ్చింది. వెనెరా పేలికను గబుక్కున మడిచేసింది.

ఉతికిన ముందుగుడ్డ అంచును ఆ అత్తరుతో తడిపి, వాసన నిలిచేదాకా ఆగి, అత్తగారి మంచం మీద పెట్టింది.

దోన్నా క్రూచి దాన్ని ముక్కు దగ్గరికి తీసుకుని చాలాసేపు కళ్లు మూసుకుంది.

"ఇందులో నీ పూలున్నాయి."

"ఉన్నాయత్తా."

"నేనడిగింది నా కొడుకుని. నిన్ను కాదు."

"విడదీయడం నా పనిలో లేదత్తా. వస్తే రెండూ కలిసే వస్తాయి."

ముసలామె గుడ్డను ముఖం మీదికి లాక్కుంది. దాని కింద భుజాలు ఎగిరెగిరిపడ్డాయి.

"పూలకుండీ చేసేశావే వాణ్ణి" అంది లోపలి నుంచి. కాసేపటికి చెయ్యి మాత్రం బయటికి వచ్చింది. "ఏదీ, ఆ సీసా ఇటివ్వు."

వెనెరా బిరడా గట్టిగా బిగించి, సీసా తుడిచి, ఆ చేతిలో పెట్టింది.