ఎలుగుబంటికి వినిపించిన బిరుదులు

మా తాతగారి తాత బరంపురం దగ్గర చికిటి అవతల ముఠాదారు. ఒక కొండా, దాని కింది ఊళ్ళూ ఆయన మాట మీద నడిచేవి. మా తాతగారి తండ్రికి రాజుగారి కోట గుమ్మం దాకా పల్లకీ దిగకుండా వెళ్ళే హక్కుండేది. ఇది గొప్పకి చెబుతున్నానని ఎవరైనా అనుకుంటే, అనుకోనివ్వండి. పోయిన నెల ఆ కొండ దగ్గరికి వెళ్ళాను. చుట్టూ నడిచి రావడానికి ఇప్పుడు దారి బాగుచేసి, మొదట్లో ఒక బాణం గుర్తు పాతారు. ఆ బాణం కొండని ఎడమ పక్కన ఉంచుకుని నడవమంటోంది! నేను కుడి పక్కన కొండని ఉంచుకునే బయలుదేరాను. "మావుసీ, దారి అటు!" అని కాపలా కుర్రాడు ఒడియాలో పిన్ని వరస కలిపి కేకేశాడు. ప్రదక్షిణం ఎటు చెయ్యాలో మా ఇంట్లో ఇంకొకరు చెప్పే అలవాటు లేదు. వెనక్కి తిరగలేదు.

ఆ చుట్టు పెద్దదేమీ కాదు. పొయ్యి మీద కందిపప్పు పడేసి వెళితే ఉడికేసరికి తిరిగి రావచ్చు. అప్పట్లో మా పెరటి గుమ్మం దాటగానే జీడిమామిడి తోపు, పూత రోజుల్లో తియ్యగా, కాస్త వెగటుగా వాసన. ఆ పైన చెట్ల మీదికి అల్లుకున్న, విస్తళ్ళు కుట్టే అడ్డాకు తీగలు. తర్వాత ఏనుగుల మంద పడుకున్నట్టు నల్లటి బండలు. బండల సందుల్లో ఎలుగుబంట్లు. అందుకే మా ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉండేది. ఏటా ఆడవాళ్ళు విస్తరాకుల కోసం అడవిలో అడుగుపెట్టే ముందు, మా ఇంటి పెద్ద ఒకసారి కొండ చుట్టి రావాలి. ముందు డప్పు వాయించే మనిషి మా పెద్దల బిరుదులు అరుస్తూ నడిచేవాడు. భక్తి ఎంతో చెప్పలేను గాని, ఆ చప్పుడుకి ఎలుగులు మాత్రం తప్పుకునేవి.

జమీలు రద్దై, కొండ సర్కారుదయ్యాక, డప్పు మనిషి బరంపురంలో పనికి కుదిరిపోయాడు. తాతగారు వీధరుగు మీద పడక్కుర్చీలో, కొండ చుట్టేటప్పుడు పట్టుకునే పొన్నుకర్ర ఒళ్ళో పెట్టుకుని, బిగుసుకుని కూర్చున్నారు. పెళ్ళిళ్ళ రోజులు దగ్గరికొచ్చాయి. విస్తళ్ళు కుట్టి అమ్ముకుంటేనే ఆ ఆడవాళ్ళ ఇళ్ళలో పొయ్యి వెలిగేది. తాతగారు నడవనిదే వాళ్ళు అడవిలోకి వెళ్ళరు. తాతగారు లేవరు. చివరికి అందరూ కలిసి మా వాకిట్లోకి వచ్చారు.

"అది సర్కారు కొండ. సర్కారునే ముందు నడవమను," అన్నారు తాతగారు.

"సర్కారు ఛత్రపూర్ కచేరీలో కూకుంది బాబూ. ఎలుగు మా దారిలో కూకుంది," అంది వాళ్ళలో పెద్దావిడ.

"జమీ రద్దయిందని తెలీదా?"

"మాకు తెలుసు బాబూ. ఆ ఎలుగ్గొడ్డుకి ఎవులు సెప్పినారు?"

తలుపు వెనక మా మేనత్త పకపకా నవ్వింది. నవ్వుతూనే బయటికి వచ్చి, "నాన్నగోరూ, ఆ పొన్నుకర్ర ఇలాగియ్యండి. నేనెల్తాను," అంది. కర్ర ఇవ్వడం ఇష్టం లేక తాతగారు లేచారు.

డప్పుకి బదులు మేనత్త కంచు పళ్ళెం, గరిటె పట్టుకుంది. నేనింకా చిన్నపిల్లని, ఆవిడ కొంగు పట్టుకున్నాను. కాని ఇంటి ఆడపిల్ల పెద్దల పేర్లు అరవకూడదు. కాబట్టి తాతగారే అరవాలి. తన పెళ్ళికి తానే సన్నాయి ఊదుకున్నట్టుంది ఆయన పని. తోపులో గొణిగారు.

"ఎలుక్కి కూడా ఇనబడదు బాబూ!" అని వెనక వస్తున్న ఆడవాళ్ళలోంచి వినిపించింది.

బండల దగ్గరికి వచ్చేసరికి సందులోంచి గురగురమని చప్పుడు. అప్పుడు తాతగారి గొంతు లేచింది. ముఠాదారూ, పల్లకీ, కోటగుమ్మం, అన్నీ కొండ మారుమోగేలా పలికారు. చప్పుడు ఆగలేదు. మళ్ళీ మొదటినుంచి చదివారు. ఇంకా గురగుర. పెద్దలందరూ అయిపోయారు. ఆయనకంటూ చెప్పుకోవడానికి ఒక్క బిరుదూ లేదు.

"ఎలుగుల్ని తోలే బాబుగోరు వొస్తన్నారహో!" అని పెద్దావిడ గొంతెత్తింది. ఆడవాళ్ళంతా అందుకున్నారు. మేనత్త పళ్ళెం సొట్టపోయేలా వాయించింది. నల్లటి ఎలుగు ఒకటి సందులోంచి బయటపడి, పరాయి పెళ్ళిలో భోజనం చేసి జారుకునేవాడిలా, వెనకభాగం ఊపుకుంటూ పొదల్లోకి దిగిపోయింది.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ తాతగారు మేనత్తతో, "నాకూ ఒకటి వచ్చిందే," అన్నారు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ, ప్రతి ఏడూ, పిలవకముందే కర్ర పట్టుకుని వాకిట్లో నిలబడేవారు. మా వంశంలో రాజు ఇవ్వని బిరుదు అదొక్కటే.

పోయిన నెల ఆ బాణానికి ఎదురు నడిచి, మొత్తం చుట్టి వచ్చాను. బండల దగ్గర ఎవరూ లేరని చూసుకుని, ఆయన బిరుదు గట్టిగా అన్నాను. కొండ చుట్టూ తిరిగితే బయలుదేరిన చోటికే చేరతాం. కాలం చుట్టూ తిరిగితే చోటు దొరుకుతుంది గాని గుమ్మం దొరకదు. ఆ ఇల్లు తాతగారు పోయాక అమ్మేశాం. పల్లకీ, పొన్నుకర్ర ఇంటితో పాటే వెళ్ళాయి. సొట్టపోయిన కంచు పళ్ళెం బరంపురంలో తూకానికి అమ్మాం.