నస్రత్ పది సెకన్లు

పొదిలి బస్టాండు ఎదుటి కంప్యూటర్ షాపులో నస్రత్ కంప్యూటర్ తెర మీద ఆడే ఏ వీడియోనూ నేరుగా రికార్డు చేయదు. చున్నీ వెనక్కి వేసుకుని, వాట్సాప్ మూసి, తెర మీది బాణం గుర్తును ఓ మూలకు నెట్టి, ముందు పది సెకన్లు తీసి చూసుకుంటుంది. తెర ముందు ఫోను పట్టుకుని తీసుకునేవాళ్లను చూస్తే ఆమెకు నవ్వొస్తుంది. వీడియోలో అనవసరమైన చప్పుడు ఒక్కటున్నా ఊరుకోదు.

ఆ మధ్యాహ్నం పేరమ్మ వచ్చింది. నిరుడు పోయిన భర్త రంగయ్య మిరపచేలో నిలబడి మాట్లాడిన వీడియో ఒక్కటే ఆయన గొంతుకు మిగిలిన గుర్తు. దాన్ని పెట్టిన యూట్యూబ్ ఛానెల్ ఆ సాయంత్రంతో మూతపడుతోంది, ఈలోపే తీసిపెట్టమంది. నస్రత్ పది సెకన్లు తీసి వినిపించింది. రంగయ్య మాటల మీద షాపులోని ఫ్యాను రొద, రోడ్డు మీది ఆటో హారను పడ్డాయి.

"ఇదేందమ్మాయ్, ఆయన గొంతే కాదిది!" అంది పేరమ్మ కంగారుగా.

"షాపు చప్పుడు కంప్యూటర్ మైకులో పడింది, దాన్ని ఆపేస్తా పెద్దమ్మా. ఇంక వీడియోలోని శబ్దం ఒక్కటే వస్తుంది," అంది నస్రత్ తొణక్కుండా.

ఈసారి గొంతు తేటగా వచ్చింది. మధ్యలో ఎక్కడో దూరం నుంచి ఓ ఆడమనిషి కేక వినబడింది: "ఏవయ్యో, అన్నం చల్లారిపోతంది!" రంగయ్య మాట ఆపి నవ్వాడు.

"ఈ కేక కత్తిరించెయ్యనా?" అడిగింది నస్రత్.

"అయ్యో, ఉంచు తల్లీ! అది నేనేగా," అంది పేరమ్మ. "ఆయన నవ్వింది దానికే."