లూకాస్‌కు తప్ప అందరికీ చెప్పాం

హెడ్ నర్సుగా ప్రమోషన్ ఇచ్చి నన్ను కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌లోని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి వేసిన రెండో ఏడు అది. పత్తి సీజను మొదలై, జిన్నింగు మిల్లుల దారులన్నీ ట్రాక్టర్లతో నిండిపోయిన నెల. అప్పటికి నాది ఇరవై ఆరేళ్ల సర్వీసు. మందులు, ఇంజెక్షన్లు స్టాఫ్ నర్సులు చూసుకుంటారు. హెడ్ నర్సు వార్డు మొత్తానికీ జవాబుదారీ. కేస్‌షీటులో తప్పు దొర్లితే డాక్టరు అరిచేది నా మీద, నేను అరిచేది మిగతా అందరి మీద. నా గొంతు గురించి వార్డులో ఏమనుకునేవాళ్లో నాకు తెలియక కాదు.

ఒక పొద్దున ఏడున్నరకు క్యాజువాలిటీ ముందు ఆటో ఆగింది. నెత్తురు కారుతున్న మోచేతిని పట్టుకుని పొడుగాటి తెల్లాయన దిగాడు. నిక్కరు, ఉరికే బూట్లు, చేతికి పెద్ద గడియారం. పేరు లూకాస్. ఊరు నెదర్లాండ్స్. ఒక మిల్లులో కొత్త యంత్రాలు బిగించే పని మీద వచ్చి ఏడాదిగా ఇక్కడే ఉంటున్నాడు. పత్తి ట్రాక్టరుకు దారి ఇవ్వబోయి కంకర మీద పడ్డాడట. వెంట ఆయన ఇంటి ఓనరు భూమారెడ్డి, భార్య శాంతక్క వచ్చారు.

ఒక టెటనస్ ఇంజెక్షన్, నాలుగు కుట్లు, అంతే పని. డ్యూటీలో ఉన్నది కొత్తగా చేరిన డాక్టరమ్మ. ఆమె మత్తు సూది చేతిలోకి తీసుకోగానే లూకాస్ మొహం తెల్లగా పాలిపోయి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడు. అర నిమిషంలో కళ్లు తెరిచాడు. నేను మణికట్టు పట్టుకుని గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టాను. నిమిషానికి ముప్పై ఎనిమిది. మామూలుగా అరవైకి తగ్గకూడదు. కుట్లు పూర్తయ్యాక, పది నిమిషాలాగి మళ్లీ లెక్కపెట్టాను. అదే ముప్పై ఎనిమిది. అంత నెమ్మది నాడిని నా సర్వీసులో ప్రాణం మీదికి వచ్చినవాళ్లలో తప్ప చూడలేదు.

ఈసీజీ తీశాం. డాక్టరమ్మ ఆ కాగితాన్ని ఫోటో తీసి పెద్ద డాక్టరుకు పంపింది. స్పృహ తప్పడం, నాడి పడిపోవడం రెండూ కలిపి చూస్తే గుండె ఆగే ప్రమాదం ఉందని, పేస్‌మేకర్ వేయాల్సి రావచ్చని, వెంటనే నాగ్‌పూర్ పంపమని ఆయన చెప్పాడు. పేస్‌మేకరంటే గుండె ఆగకుండా ఛాతీలో అమర్చే బ్యాటరీ యంత్రం.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. పెద్ద జబ్బని అనుమానం వస్తే మేం రోగికి చెప్పం. "పేషెంటు తాలూకు ఎవరు?" అని గుమ్మం దగ్గర కేకేస్తాం. వచ్చినవాళ్లను వరండాలోకి తీసుకుపోయి, గొంతు తగ్గించి సంగతంతా చెబుతాం. సంతకమూ వాళ్లదే. తిరిగి మంచం దగ్గరికి వచ్చి, ఏం కాలేదు, మంచిగైతదని రోగి భుజం తడతాం. ఏ నర్సింగు పుస్తకంలోనూ ఇది లేదు. అయినా అందరం చేశాం, అందరికంటే ఎక్కువ నేనే చేశాను.

భూమారెడ్డిని వరండాలోకి పిలిచి చెప్పాను. ఆ మనిషి బల్ల మీద కూలబడి తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. శాంతక్క మాత్రం ఊరుకోలేదు. "నేను చెప్తనే ఉన్న సిస్టరమ్మా. దినాం పొద్దుగాల మావల ఊరి దాక ఉరికొస్తడు. గంత ఉరుకుడు పానానికి మంచిదా?" అంది.

ఆ మాట నా చెవులతో విన్నాను. విని ఏం చేశాను? పేషెంటు వింటాడు, జర మెల్లగా మాట్లాడమని ఆమెను కసిరాను. రిఫరల్ ఫారంలో రోగికి ఏమవుతారన్న చోట 'ఇంటి ఓనరు' అని రాయించి సంతకం తీసుకున్నాను.

గంట గడిచేసరికి వాళ్ల కాలనీ సగం వార్డులో ఉంది. కొబ్బరి బోండాలు, బిస్కెట్ పొట్లాలు వచ్చాయి. ఒక్కొక్కరే వచ్చి లూకాస్ మొహం చూడటం, కళ్లు తుడుచుకుంటూ వెనక్కి పోవడం. నాలుగు కుట్లకు ఇంతమంది ఎందుకొచ్చారని అతను రెండుసార్లు అడిగాడు. ఏం లేదు, అంతా ఓకే అని రెండుసార్లూ నేనే చెప్పాను. ఆ చెప్పడం కూడా మూతికి ఆక్సిజన్ మాస్కు తగిలిస్తూ చెప్పాను.

అంబులెన్సు వచ్చింది. స్ట్రెచర్ మీదికి మారుస్తుంటే మా వార్డు ఆయా పోశవ్వ అతని తల నిమిరి, ఛాతీ మీద చెయ్యి పెట్టి, "గీడ మిషిని పెడ్తరట బిడ్డా, ఫికర్ చెయ్యకు" అంది. మిషిన్ల మధ్య బతికేవాడికి ఆ మాట అర్థమవడానికి తెలుగు అక్కర్లేదు. మాస్కు పీకేసి లేచి కూర్చున్నాడు. అరవలేదు. గుమ్మం దగ్గరున్న జనాన్ని ఒకసారి చూసి, ఇంగ్లీషు, తెలుగు కలిపి నన్ను అడిగాడు.

"సిస్టర్, నా గుండె సంగతి వాళ్లందరికీ తెలుసు. నాకు ఎందుకు తెలీదు?"

ఇరవై ఆరేళ్లలో నన్ను ఈ ప్రశ్న అడిగిన రోగి లేడు. ఈసీజీ కాగితం అతని చేతికిచ్చి, నాడి ముప్పై ఎనిమిదే ఉందని చెప్పాను.

తర్వాత అతనే చెప్పాడు. ఇరవై ఏళ్లుగా దూరపు పరుగులు పరిగెత్తుతున్నాడు. అలా ఉరికేవాళ్ల గుండె బలపడి ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం తోస్తుంది, అందుకే తక్కువసార్లు కొట్టుకుంటుంది. వాళ్ల దేశపు డాక్టరు చూసి రాసిచ్చిన కాగితం ఫోన్‌లోనే ఉంది. చేతి గడియారంలో నెలల తరబడి లెక్క ఉంది, ప్రతి పొద్దునా నలభై లోపే. సూది చూస్తే కళ్లు తిరగడం చిన్నప్పటి నుంచీ ఉన్నదేనట. ఆ గడియారానికి అంటిన నెత్తురు తుడిచింది నేనే. ఒక్క ముక్క అడగలేదు.

డాక్టరమ్మ మళ్లీ పెద్ద డాక్టరుకు ఫోన్ చేసింది. మెట్లెక్కించి నాడి చూడమన్నాడు. పక్కన ఇద్దరం నడుస్తుండగా లూకాస్ మేడ మెట్లు మూడుసార్లు ఎక్కి దిగాడు. నేను లెక్కపెట్టాను, తొంభై ఆరు. రెండో ఈసీజీ కూడా పంపితే చూసి, పెద్ద డాక్టరు భయం లేదన్నాడు. ఇలాంటి గుండె గురించి చదివాను గానీ ఎన్నడూ చూడలేదన్నాడు. అంబులెన్సును పంపించేశాం. జాగ్రత్త కోసం మర్నాటి దాకా మానిటర్ మీద ఉంచాం. నాడి మరీ పడిపోతే ఇద్దామని సిరంజిలో ఎక్కించి పెట్టిన అట్రోపిన్‌ను నేనే పారబోశాను. నిక్షేపంలా ఉన్న మనిషిని ఛాతీ కోతకు సాగనంపబోయాం, అదీ ఇంటి ఓనరు సంతకం మీద.

ఆ రోజంతా అతను మాట్లాడుతూనే ఉన్నాడు. మావల దారిలో మోటారు సైకిళ్లవాళ్లు ఆగి, ఎక్కు సార్, దింపుతం అంటారట. ఎవరు తరుముతున్నారని ఒక ముసలమ్మ అడిగిందట. ఇక్కడ ముందుగా పేరు రాయించుకోకుండానే, పైసా అడక్కుండా కుట్లు వేయడం చూసి ఆశ్చర్యపోయాడు. తెర లేని గదిలో ఇరవై మంది చూస్తుండగా వేయడం చూసి ఇంకా ఆశ్చర్యపోయాడు. పొద్దున జరిగినదాని గురించి మళ్లీ ఎత్తలేదు. రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

ఆ వారంలోనే బేల వైపు నుంచి ఒక రైతును తీసుకొచ్చారు. బీపీ బాగా పెరిగి, మాట తడబడుతోంది. అలవాటు ప్రకారం గుమ్మం వైపు తిరిగిన నేను ఆగి, స్టూలు మంచం దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. ఎప్పటి నుంచి ఇట్లుందని ఆయననే అడిగాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

"మా కొడుకు బయటున్నడు సిస్టరమ్మా, వాన్నడుగు."

"నీ పానం గురించి నువ్వే చెప్పాలె బాపూ" అన్నాను.

ఆయన గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించి, బీపీ గోలీలు మానేసి మూడు వారాలైందని, ఆ సంగతి కొడుక్కి తెలియదని చెప్పాడు.

కొడుకును అడిగి ఉంటే ఆ ముక్క కేస్‌షీటులోకి వచ్చేది కాదు. రిటైరయ్యేదాకా నా వార్డులో తాలూకువాళ్లను పిలవడం రెండో పని అయింది. మొదటి పని స్టూలు లాక్కుని కూర్చోవడం.