అప్‌డేట్‌ను వెనక్కి తీస్తున్నదెవరు?

ఉద్యోగంలో నా చివరి శీతాకాలం లండన్ ఆఫీసులో గడిచింది. ఇంగ్లండ్‌లోని లండన్ కాదు, కెనడాలో, ఒంటారియోలో ఉన్నది. అంతకుముందు చాలా ఏళ్లు టొరంటో పక్కన ఎటోబికోలో పనిచేశాను. మాది ఇళ్లలోని కంప్యూటర్లు బాగుచేసే చిన్న సంస్థ. పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కు భద్రతా అప్‌డేట్లు త్వరలో ఆపేస్తారన్న వార్త అప్పటికే అందరికీ చేరింది. కొత్తదానికి మారలేక అవస్థపడేవాళ్ల ఫోన్లతో ఆఫీసు హోరెత్తుతోంది. ఫిబ్రవరిలో ఒక సోమవారం నాకు సార్నియా అనే ఊరి కేసు అప్పగించారు.

మా దగ్గర మూడు అంచెలు ఉండేవి. ఫోన్‌లో సలహా చెప్పేవాళ్లది మొదటి అంచె. వాళ్లవల్ల కానప్పుడు ఇంటికి వెళ్లే మాది రెండోది. నేను అందులో సీనియర్ టెక్నీషియన్‌ని. మాకూ లొంగని యంత్రాన్ని ల్యాబ్‌కు పంపేవాళ్లం, అది మూడోది. సార్నియా కేసు మొదటి అంచె దగ్గర చాలాసార్లు తిరిగి నా దగ్గరికొచ్చింది. ఫిర్యాదు వివరాలు రాసే టికెట్‌లో ఇలా ఉంది: "అప్‌డేట్ ఎక్కడం లేదు. ఇంట్లో ఎవరో చెడగొడుతున్నారని కస్టమర్ అనుమానం." మొదటి వాక్యం మామూలే. రెండో వాక్యం ఉన్న కేసులు ఎప్పుడూ తొందరగా తెమలవు.

సార్నియాలో పెట్రోకెమికల్ ప్లాంట్లు ఎక్కువ. ఊళ్లోకి వెళ్తుంటే పొగగొట్టాల మీద మంట దూరం నుంచే కనిపిస్తుంది. ఆ ఇంటి యజమాని డేవిడ్ రాజు గారు అలాంటి ఒక ప్లాంటులోనే ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన భార్య సుగుణ గారు హాస్పిటల్‌లో నర్సుగా చేశారు. ఇద్దరిదీ కాకినాడ వైపు. తలుపు తీయగానే ఆవిడ నా బ్యాడ్జి మీద పేరు చూసి తెలుగులోకి దిగిపోయారు.

"విమలా, ముందు ఇది చూడమ్మా," అని నా కోటు కూడా విప్పనివ్వకుండా లోపలి గదిలోకి తీసుకెళ్లారు. "పొద్దున్నే ఆన్ చేస్తే 'అప్‌డేట్ పూర్తి కాలేదు, మార్పులు వెనక్కి తీస్తున్నాం' అని ఇంగ్లీషులో వస్తోంది. ఎవరమ్మా తీస్తున్నది? ఎవరో ఒకరు తీస్తేనే కదా వెనక్కి పోయేది?"

ఆ మెసేజ్ చదివి భయపడినవాళ్లను అంతకుముందూ చూశాను. అప్‌డేట్ రెండు దశల్లో జరుగుతుంది. మనం పని చేసుకుంటుండగానే ఫైళ్లు దిగిపోతాయి. అసలు మార్పిడి మాత్రం కంప్యూటర్ ఆగేటప్పుడూ, మళ్లీ లేచేటప్పుడూ జరుగుతుంది. మధ్యలో ఏదైనా తేడా వస్తే సిస్టమ్ తనంతట తానే పాత స్థితికి వెళ్లిపోతుంది. దాన్ని రోల్‌బ్యాక్ అంటాం. ఎవరూ తీయక్కర్లేదని చెప్పాను. సుగుణ గారు తల ఊపారు గానీ నమ్మలేదు. గొంతు తగ్గించి, వేలితో నేలకేసి చూపించారు.

కింద బేస్‌మెంట్‌లో మౌనిక అనే అమ్మాయి అద్దెకుంటోంది. కరీంనగర్ నుంచి వచ్చి అక్కడి కాలేజీలో కంప్యూటర్ నెట్‌వర్కింగ్ చదువుతోంది. కాగితాలు ప్రింట్ చేసుకోవడానికి అప్పుడప్పుడు పైకి వస్తుంది.

"ఆ అమ్మాయి చదువే కంప్యూటర్ల చదువు," అన్నారు సుగుణ గారు. "ఈ గొడవ మొదలైంది కూడా నవంబర్‌లో, తను ప్రింట్ తీసుకున్న వారంలోనే."

డేవిడ్ రాజు గారు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని మంచు చూస్తున్నారు.

నేను క్రమం ప్రకారం మొదలుపెట్టాను. డిస్క్‌లో చోటుందా, డిస్క్ ఆరోగ్యంగా ఉందా, పాత యాంటీవైరస్ ముక్కలేమైనా మిగిలాయా, అప్‌డేట్ తెచ్చే సర్వీసు నడుస్తోందా. అన్నీ బాగానే ఉన్నాయి. ఆ తర్వాత ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రాములు చూస్తుంటే, అక్కడ ఉండాల్సిన అవసరం లేనిదొకటి కనిపించింది. ఎక్కడో కూర్చున్న మనిషి మన కంప్యూటర్ తెరను చూస్తూ, మన మౌస్‌ను కదిలించడానికి వీలిచ్చే ప్రోగ్రాం. మేమూ అలాంటిది వాడతాం గానీ పని కాగానే తీసేస్తాం. ఇది తీయలేదు. కంప్యూటర్ లేచినప్పుడల్లా తనూ లేచేలా పెట్టి ఉంది. నవంబర్‌లో ఒక గురువారం మధ్యాహ్నం ఎక్కించారు. అప్‌డేట్లు విఫలం కావడం ఆ మర్నాటి నుంచే మొదలైంది.

మా నియమం ప్రకారం ముందు నెట్ కేబుల్ పీకేశాను. బ్యాంకుకు ఇప్పుడే ఫోన్ చేయమని సుగుణ గారికి చెప్పాను. ఎకౌంట్లలో తెలియని లావాదేవీలేమీ లేవని బ్యాంకువాళ్లు చెప్పారు. ఆవిడ ఫోన్ పెట్టేసి, ఆ గురువారం తను చర్చిలో స్త్రీల కూడికకు వెళ్లానని, సాయంత్రం వచ్చేసరికి ప్రింటర్ ట్రేలో మౌనిక కాగితం ఒకటి మిగిలి ఉందని చెప్పారు. తర్వాత బేస్‌మెంట్ మెట్ల దగ్గరికెళ్లి ఆ అమ్మాయిని గట్టిగా పిలిచారు.

మౌనిక పైమెట్టు మీదే నిలబడిపోయింది. గదిలోకి రమ్మని ఎవరూ అనలేదు. ఆ ప్రోగ్రాం పేరు చెప్పి, తెలుసా అని నేనే అడిగాను.

"తెలుసు ఆంటీ. మా ల్యాబ్‌ల వాడతాం," అంది.

నిజం చెప్పింది. ఆ నిజమే ఆమెకు ఎదురు తిరిగింది. సుగుణ గారు నా వైపు చూసిన చూపులో "విన్నావుగా" అన్న మాట ఉంది. నా అనుమానం కూడా కాసేపు ఆ అమ్మాయి మీదే నిలిచింది. తెలివి ఉంది, అవకాశం ఉంది, రోజు కూడా కలిసింది.

"నేను ప్రింట్ కోసమే వచ్చిన ఆంటీ. అంకుల్‌ని అడిగే వచ్చిన," అంది మౌనిక.

"అంకుల్ ఆ టైములో పడుకుని ఉంటారు," అన్నారు సుగుణ గారు.

మౌనిక డేవిడ్ రాజు గారి వైపు చూసింది. ఆయన కిటికీలోంచి చూపు తిప్పలేదు.

నెలాఖరుకు గది ఖాళీ చేయాలని సుగుణ గారు అక్కడే చెప్పేశారు. అంతటితో ఆగలేదు. ఆ ప్రోగ్రాం మౌనికే ఎక్కించిందని నా రిపోర్టులో రాసివ్వమన్నారు. కాలేజీకి చూపిస్తారట, గదులు అద్దెకిచ్చే తెలుగువాళ్లందరికీ చెబుతారట. బస్సులు సరిగా లేని ఊళ్లో, కారు లేని పిల్లకు కాలేజీకి నడిచి వెళ్లగలిగే గది పోవడమంటే చిన్న సంగతి కాదు. మౌనిక భయం ఇంకోటి. "వర్క్ పర్మిట్‌కి అప్లై చేసేదుంది ఆంటీ. గిప్పుడు కంప్లైంట్ పోతే నా లైఫే ఖరాబైతది," అంది. ఏడవలేదు. కిందికెళ్లి తలుపు వేసుకుంది.

యంత్రంలో ఏముందో, అది ఏ రోజు వచ్చిందో రాస్తాను గానీ ఎవరు పెట్టారో నేను రాయలేనని సుగుణ గారికి చెప్పాను. కీబోర్డు మీద ఎవరి చేతులున్నాయో కంప్యూటర్‌కు తెలియదు. ఆవిడకు కోపం వచ్చింది. ఆ అమ్మాయి తెలుగుపిల్లని నేను మొహమాటపడుతున్నానని అన్నారు.

ఆ ప్రోగ్రాంను తీసేశాను. స్కాన్ చేసి, దానితోపాటు మరేదీ దాగి లేదని చూసుకుని, కేబుల్ మళ్లీ పెట్టాను. అప్‌డేట్ దింపి, నా చేత్తోనే రీస్టార్ట్ కొట్టాను. అంకెలు నింపాదిగా పెరిగి, కంప్యూటర్ లేచి, అప్‌డేట్ పూర్తయిందని చెప్పింది. నవంబర్ నుంచి ఎక్కనిది మొదటిసారికే ఎక్కింది.

"ఇప్పుడేమంటావు?" అన్నారు సుగుణ గారు. "అది పోయింది, ఇది కుదిరింది. ఇంకా ఏం కావాలి?" టీ పెడతానని వంటింట్లోకి వెళ్లారు.

నిజానికి కేసు అక్కడితో మూసేయవచ్చు. నాకు మాత్రం మనసొప్పలేదు. అలాంటి ప్రోగ్రాంకు అప్‌డేట్‌తో పనిలేదు. దాన్ని పెట్టినవాడు దొంగే అయినా, యంత్రం సజావుగా నడవాలనే కోరుకుంటాడు. రోజూ పొద్దున్నే ఇంటివాళ్లకు అనుమానం కలిగించే పని ఎందుకు చేస్తాడు? దాన్ని తీసేస్తే అప్‌డేట్ ఎందుకు ఎక్కిందో నేను వివరించలేను. కారణం తెలియకుండా కుదిరిన మరమ్మతును మా వృత్తిలో మరమ్మతు కింద లెక్కపెట్టం. మరోటి కూడా నన్ను గుచ్చుతోంది. ఇంత రభస జరుగుతుంటే, యంత్రాల మధ్యే బతికిన డేవిడ్ రాజు గారు ఒక్క ప్రశ్న కూడా ఎందుకు అడగలేదు?

ఇంకో చిన్న అప్‌డేట్ మిగిలి ఉంది. దాన్ని దింపి, డేవిడ్ రాజు గారిని పిలిచాను. రోజూ రాత్రి కంప్యూటర్ ఆపేది ఆయనేనని అప్పటికే మాటల్లో తెలిసింది.

"మీరు రోజూ ఎలా ఆపుతారో అలాగే ఆపండి సార్. నేను చూస్తాను, అంతే," అన్నాను.

ఆయన కాసేపు తటపటాయించి కూర్చున్నారు. అప్‌డేట్ చేసి షట్‌డౌన్ చేయమని క్లిక్ చేశారు. వెంటనే మానిటర్ బటన్ నొక్కేశారు. దాంతో, ఆపవద్దని తెర మీద వచ్చే హెచ్చరిక ఆయన కంట పడే వీలే లేకుండా పోయింది. లేచి, కుర్చీ లోపలికి జరిపి, గుమ్మం దగ్గర గోడ మీదున్న స్విచ్ కట్టేశారు. బల్ల మీది దీపం ఆరిపోయింది. నేను కంప్యూటర్ పెట్టె మీద చెయ్యి ఆనించి ఉన్నాను. లోపల సన్నగా అదురుతున్న ఫ్యాన్ ఒక్కసారిగా ఆగిపోయింది.

ఇక్కడి ఇళ్లలో ప్లగ్గులకు మనవాటిలా పక్కనే స్విచ్ ఉండదు. అయితే కొన్ని గదుల్లో ఒక ప్లగ్గును గుమ్మం దగ్గరి స్విచ్‌కు కలుపుతారు, లోపలికి రాగానే దీపం వేసుకోవడానికి వీలుగా. దీపమూ కంప్యూటరూ రెండూ ఆ ప్లగ్గు మీదే ఉన్నాయి. ప్రతి రాత్రీ మార్పిడి మొదలైన క్షణంలోనే దానికి కరెంటు పోతోంది. ఆ మధ్యాహ్నం రీస్టార్ట్ చేసింది నేను కాబట్టి, స్విచ్ జోలికి ఎవరూ పోలేదు కాబట్టి ఎక్కింది.

"ఎప్పటినుంచి ఇలా ఆపుతున్నారు?" అని అడిగాను.

ఆయన వంటింటి వైపు చూశారు. "నవంబర్ నుంచి," అన్నారు.

తర్వాత అడగకుండానే చెప్పారు. ఆ గురువారం మౌనిక అడిగి వచ్చి, పెన్‌డ్రైవ్ పెట్టి ప్రింట్ తీసుకుని వెళ్లింది. కాసేపటికి ఆయన వార్తలు చదువుతుంటే తెరంతా ఎర్రబడి, సైరన్ మోగి, కంప్యూటర్ ప్రమాదంలో ఉందని ఒక ఫోన్ నంబరు వచ్చింది. చేశారు. అవతలి మనిషి చాలా మర్యాదగా మాట్లాడి, ఒక ప్రోగ్రాం ఎక్కించమన్నాడు. ఎక్కించారు. బ్యాంకు పేజీ తెరవమన్నప్పుడు మాత్రం అనుమానం వచ్చింది.

"ప్లాంటులో మాకు నేర్పించింది ఒకటేనమ్మా. అనుమానం వస్తే ముందు పవర్ ఐసొలేట్ చెయ్యాలి. పరిగెత్తి స్విచ్ కట్టేశాను. అప్పట్నుంచి రోజూ అంతే. షట్‌డౌన్ కొడితే నిజంగా ఆగుతుందని నమ్మకమేంటి? వాడు రాత్రిపూట లోపలికి వస్తే?"

మరి ఆ అమ్మాయి సంగతి ఏమిటని అడిగాను. ఆమె పెన్‌డ్రైవ్ నుంచే ఆ ఎర్ర తెర వచ్చిందేమోనని తనకూ అనిపించిందన్నారు. అలాంటివి వెబ్‌పేజీల్లోని ప్రకటనల నుంచి వస్తాయని, పెన్‌డ్రైవ్‌కు సంబంధం లేదని చెప్పాను.

"ఇది మీ ఇంటి విషయం. సుగుణ గారికి నేను చెప్పను," అన్నాను. "కానీ ఆ అమ్మాయి మీద నింద ఉండగా నేను కేసు మూయను."

ఆయన లేచి వంటింట్లోకి వెళ్లారు. మాటలు సగమే వినిపించాయి. "నాకెందుకు చెప్పలేదు?" అన్న సుగుణ గారి గొంతు మాత్రం స్పష్టంగా వినిపించింది. ఆయన జవాబు కూడా.

"ముప్పై ఏళ్లు మీటర్లు చూసినోణ్ణి, ఫోన్‌లో ఎవడో చెబితే విన్నానంటే నువ్వు నవ్వుతావని."

ఆవిడ నవ్వలేదు. కాసేపటికి మెట్ల దగ్గరికెళ్లి, "మౌనికా, పైకి రామ్మా. టీ పెట్టాను," అని పిలిచారు. ఈసారి గొంతు తగ్గింది. మౌనిక వచ్చి పైమెట్టు మీదే ఆగబోతే, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చారు. డేవిడ్ రాజు గారు నిలబడే జరిగినదంతా చెప్పారు. తప్పయిందన్నారు. సుగుణ గారు కూడా అన్నారు. గది ఖాళీ చేయనక్కర్లేదన్నారు.

మౌనిక టీ కప్పు ముట్టుకోలేదు. "నేను ప్రింట్ అడిగినప్పుడు మీరు మెలకువగనే ఉన్నరు గదా అంకుల్," అంది. "గా ముచ్చట ఒక్కటి చెప్తే సరిపోతుండె."

నేను తెర వైపు తిరిగి పని చూసుకున్నాను.

కంప్యూటర్ ప్లగ్గును స్విచ్‌తో సంబంధం లేని చోటికి మార్చి, ఆ చిన్న అప్‌డేట్‌ను కూడా ఎక్కించాను. ఒకసారి బయటివాడు చొరబడిన యంత్రాన్ని పూర్తిగా నమ్మకూడదు కాబట్టి, మరుసటి వారం వెళ్లి ముఖ్యమైన ఫైళ్లు వేరే చోట దాచి, సిస్టమ్‌ను మొదటి నుంచి ఎక్కించాను. పాస్‌వర్డులన్నీ మార్పించాను. రిపోర్టులో "మార్పిడి మధ్యలో విద్యుత్ ఆగడం వల్ల రోల్‌బ్యాక్. అపరిచిత రిమోట్ ప్రోగ్రాం తొలగించడమైనది. రెంటికీ నేరుగా సంబంధం లేదు" అని రాశాను. మౌనిక ఆ టర్ము పూర్తయ్యేదాకా అక్కడే ఉందని, ప్రింట్లు మాత్రం లైబ్రరీలో తీసుకునేదని సుగుణ గారు తర్వాత ఫోన్‌లో చెప్పారు. పైకి రమ్మని ఎన్నిసార్లు పిలిచినా, పనుందనేదట.

రెండు గొడవలు ఒకేసారి మొదలైతే ఒకటి రెండోదానికి కారణమని అనుకోవడం సహజం. సార్నియాలో రెండూ ఒకే భయం నుంచి పుట్టాయి. ఎర్ర తెరను చూసి భయపడి ప్రోగ్రాం ఎక్కించారు, ప్రోగ్రాంకు భయపడి కరెంటు ఆపారు. నేను తొలగించిన ప్రోగ్రాం నిజంగా చెడ్డదే, కానీ అప్‌డేట్ చెడడానికి కారణం అది కాదు. అనుమానించదగినది దొరికింది కదా అని వెతకడం ఆపేస్తే ఆ తేడా ఎప్పటికీ బయటపడేది కాదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, అప్‌డేట్ ఎక్కడం లేదని ఏ ఇంటికి పిలిచినా, నేను కీబోర్డు ముట్టుకునేదాన్ని కాదు. ముందు ఇంటివాళ్లనే కూర్చోబెట్టి, రోజూ చేసినట్టే చేయమని చెప్పి, వాళ్లు గది దాటేదాకా చూసేదాన్ని.