లేని ఆసుపత్రిలో ఒక మంచం

ఇశ్రాయేలు గారికి లేని భవనాలు కనిపించేవి. ఆయనలో ఉన్న తేడా అదొక్కటే.

కొత్తగూడలో మా పక్క వాటాలో ఉండేవారు. భవనాల ప్లాన్లు గీసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఆయన గీసినవాటిలో కొన్ని లేచాయి. కొన్నింటి డబ్బు చేతులు మారుతూ మారుతూ దారిలోనే అయిపోయింది. ఆ లేవనివే ఆయనకు బాగా కనిపించేవి.

మా వీధి చివర ముళ్లకంపలు మొలిచిన ఖాళీ జాగా ఒకటుంది. అందరం దానికి అడ్డంపడి నడిచేవాళ్లం. ఆయన మాత్రం చుట్టూ తిరిగి వచ్చేవారు. ఎందుకని అడిగాను.

"ఆసుపత్రి ఉంది కదండీ. రోగుల మధ్యలోంచి ఎలా వస్తాం?"

రాయదుర్గం వైపు వెళితే, లేని వంతెన నీడలో నిలబడి గొడుగు ముడిచేవారు. లేని గ్రంథాలయం ముందు గొంతు తగ్గించేవారు. చలికాలం పొద్దున మంచులో అద్దాల మేడలు కూడా సగమే కనిపించేవి. అప్పుడు ఆయనకూ మాకూ పెద్ద తేడా ఉండేది కాదు.

జంక్షన్ దగ్గర జొన్నరొట్టెలు అమ్మే సత్తెమ్మకు ఆయనంటే జాలి. సారుకు జర ఎండ తగిలిందని, రోజూ ఒక వేడి రొట్టె పెట్టేది.

సత్తెమ్మ కూతురు వసంతకు నర్సు చదువులో సీటొచ్చింది. ఫీజుకు తల్లి ఎన్నాళ్లనుంచో కూడబెట్టింది. ఆదాయం సర్టిఫికెట్ కూడా కావాలి. దాన్ని మండలాఫీసు గుమాస్తా ఐలయ్య సొరుగులో పెట్టుకుని, చాయ్ ఖర్చులడిగాడు. ఆ చాయ్ ఫీజంత ఉంది.

"ఇయ్యకుంటే కాయితం రాదు, ఇస్తే ఫీజు లేదు. ఏంజెయ్యాలె సారూ?" అంది సత్తెమ్మ.

ఇశ్రాయేలు గారు రొట్టె తుంచుతూ విన్నారు. చివరికి అడిగినంతా ఇద్దామనే ఆమె అనుకుంది. అంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చి ఆఫీసులకూ కాలేజీలకూ తాళాలు పడ్డాయి.

ఒక రోజు రోడ్డు మీదే వంటావార్పు పెట్టారు. బండ్లు లేని రోడ్డు ఎండిన వాగులా ఉంది. పొయ్యిల పొగ నీలంగా మేడల అద్దాల మీదికి పాకుతోంది. సత్తెమ్మ వడ్డిస్తోంది. సమ్మెలో ఉన్న ఐలయ్య బంతిలో కూర్చున్నాడు. ఆమె అతనికి ఇంకో గరిటె పప్పు వేసింది.

అతను చెయ్యి కడుక్కునేదాకా ఆగి, ఇశ్రాయేలు గారు ఆసుపత్రి చూద్దురుగాని రమ్మన్నారు. పని లేని రోజులు. ఐలయ్య నవ్వుకుంటూ వెళ్లాడు. వెనక నేనూ వెళ్లాను.

ముళ్లకంపల మధ్య ఆయన మందుల గది చూపించారు. వార్డులు చూపించారు. గాలి వచ్చే కిటికీలు తెరిచి చూపించారు. ఒక బండరాయి దగ్గర ఆగారు.

"ఇది మీ మంచమండి. పెద్దతనంలో ఇక్కడే పడుకుంటారు."

"మంచిగుంది. మరి నర్సేది సారూ?"

"వసంతండి. ఇంకా రాలేదు. ఆ అమ్మాయి ఫీజు మీ దగ్గరికి వస్తోంది."

ఐలయ్య నవ్వు ఆగింది. బండ మీద కూర్చున్నాడు.

తిరిగి వస్తూ, నిజంగానే కనిపిస్తాయా అని ఇశ్రాయేలు గారిని అడిగాను.

"ఖాళీ జాగాయేనండి," అన్నారు మెల్లగా. "ఇళ్లల్లో దాచుకున్న డబ్బే దేశానికి ఇటుకలు. మధ్యలో ఎవరు తిన్నారో నాకు పేర్లతో సహా తెలుసు. పేర్లు చెబితే పోట్లాటకొస్తారు. భవనం ఉందంటే, చూడ్డానికైనా వస్తారు."

సమ్మె ముగిశాక ఐలయ్యే కాగితం పట్టుకుని రొట్టెల పొయ్యి దగ్గరికి వచ్చాడు. సత్తెమ్మ కొంగుముడి విప్పబోయింది.

"కాలేజీల కట్టు అక్కా," అన్నాడు. "ఆడ నా మంచం కాడ ఎవ్వలూ లేరట."