రాతి మండీలో మా రెండు మూటలు

అనంతపురం పాతూరులో వేరుశనగ మండీలున్న వీధిలో అన్నిటికన్నా పాతది రాతి మండీ. షావుకారు తాతల కాలంలో కట్టించారట. మూరెడు మందం గోడలు, బండల మిద్దె, బండిని వెనక్కి తోస్తే మూటలు నేరుగా దించుకునేంత ఎత్తు అరుగు. కోటలా ఉందని కొత్తగా చూసినవాళ్లు మెచ్చుకునేవారు. ఎండాకాలంలో పొద్దంతా ఆ బండల కింద కూర్చున్నవాళ్లెవరూ మెచ్చుకోగా నేను వినలేదు.

పంతొమ్మిదివందల యాభైల చివర్లో పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి మా అత్తతో పాటు ఆ అరుగు మీద కాయలు ఒలిచేదాన్ని. విత్తనం కాయను మిషన్లో వేస్తే గింజ బద్దలవుతుంది. చేత్తోనే, గింజకు గీత పడకుండా ఒలవాలి. సాయంత్రానికి బొటనవేలు వాచి అన్నం కలుపుకోవడం కూడా కష్టమయ్యేది. అలసట అనే మాట అప్పట్లో మాకు తెలియదు. ఒళ్లు అంటే అలాగే ఉంటుందనుకునేవాళ్లం.

ఊరి బయట మాకొక ఎకరం మెట్ట ఉండేది. ఏడాదికి కురిసే నాలుగు చినుకులూ మా ఇంట్లోనే కారేవి కాబట్టి, మా విత్తనం మూటలు రెండూ మండీ లోపలి గదిలో పెట్టుకోనిచ్చాడు షావుకారు. ఆ గదిలోకి ఎలుక దూరదు, చెమ్మ రాదు. మా ఏడాది తిండి ఆ రెండు మూటల్లోనే ఉండేది.

కాయలో ఉన్నంతకాలం విత్తనం చావదు. ఒలిచాక నెల దాటితే మొలుస్తుందన్న నమ్మకం లేదు. అందుకే నేల తడిసి పదునయ్యేదాకా ఎవరూ ఒలవరు. పదును వాన పడిన మర్నాడు మాత్రం తమ విత్తనం ఒలిపించుకోవడానికి చుట్టుపక్కల ఊళ్లన్నీ ఒకేసారి మండీ మీద పడేవి. అందరి విత్తనం అయ్యాకే మాది. మా వంతు వచ్చేసరికి నేల సగం ఆరిపోయేది.

అరవైల మొదట్లో ఒక ఏడు మృగశిరలోనే నల్లగా మబ్బు దిగింది.

"ఈసారి మనది ముందే ఒలిచేద్దాం అత్తా. అందరివీ ఒలిచేసరికి నా చేతుల్లో చావ ఉండదు" అన్నాను.

"మబ్బును నమ్మి కాయ పగలగొడతారా యాడన్నా? వాన పడనీ మ్మే."

"రేపో ఎల్లుండో పడతాది. ఎట్లుండాదో చూడు."

"ఉండాది. పడలేదు కదా."

మర్నాడు అత్త చుట్టాలింటికి ముదిగుబ్బ పోయింది. ఆమె నాలుగు రోజులకు తిరిగొచ్చేలోగా నేనొక్కదాన్నే రాత్రీ పగలూ కూర్చుని రెండు మూటలూ ఒలిచి, గింజలు మళ్లీ గోతాంలో పోసి లోపలి గదిలో పెట్టాను. పని తీరిందని ఆ సాయంత్రం హాయిగా కాళ్లు చాపుకున్నాను. ఆ హాయి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అత్త వచ్చి చూసి, "ఒలిచేసినావా?" అని మాత్రం అంది.

మబ్బు గాలికి చెదిరిపోయింది. నలభై రోజులు చినుకు లేదు. రోజూ పొద్దున్నే లోపలికి పోయి గోతాంలో చెయ్యి పెట్టి చూసేదాన్ని. గింజ మీది పొర ముదురు రంగు తేలి, నూనె వాసన కొట్టేది. ఎలుకల నుంచి, చెమ్మ నుంచి ఆ గోడలు కాపాడిన విత్తనాన్ని చేజేతులా నేనే పాడుచేసుకున్నాను.

తర్వాత మంచి వానే పడింది. మండీలో ఉన్న మిగతా విత్తనమంతా రైతుల సొంతం, మాకివ్వడానికి ఎవరి దగ్గరా మిగల్లేదు. నాలుగు రోజులు తల ఎత్తకుండా వాళ్ల కాయలు ఒలిచాం. మా ఆయన బదులు తెచ్చిన ఎద్దులతో మా గింజలే విత్తాడు.

పది రోజులకు అత్తా నేనూ చేనికి పోయాం. ఈడొకటి ఆడొకటి తప్ప మొలక లేదు. అత్త కూర్చుని వేలితో సాలు తవ్వి ఒక గింజ తీసింది. నొక్కితే మెత్తగా చితికింది.

"తిట్టన్నా తిట్టు అత్తా" అన్నాను. ఏడుపొచ్చింది.

"తిడితే మొలుస్తాదా? లెయ్యి. ఆలస్యంగా విత్తేటోళ్ల కాయలు ఇంకా మండీలో ఉండాయి. పోవల్ల."

ఆమె వెనకే నడిచాను. దారికి రెండు పక్కలా అందరి చేలూ పచ్చగా మొలిచి ఉన్నాయి. వాటిలో చాలా గింజలు మేము ఒలిచినవే.