ఏమీ అడగని మా వదిన

మా వదిన పోయిందన్న కబురు ముందు మా అమ్మాయికి తెలిసింది. ఆవిడ సొంత తమ్ముడైన మా ఆయనకి కాదు, కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడకి కూర గిన్నెలు మోసిన నాకూ కాదు. క్లినిక్‌లో ఆవిడతో పాటు పనిచేసే కెన్యా నర్సు నేరుగా మా పిల్లకే ఫోన్ చేసింది. పిల్ల వంటగది గుమ్మంలో నిలబడి "అత్త పోయింది" అంది. నేను గరిట చేత్తో పట్టుకునే ఎప్పుడు, ఎలా, ఎవరు చెప్పారు, నీకెందుకు చేశారు, నాన్నకి ఎందుకు చెయ్యలేదు అని గుక్క తిప్పుకోకుండా అడిగాను. అది ఒక్కదానికీ జవాబివ్వకుండా గదిలోకి పోయి తలుపేసుకుంది. నాకు దుఃఖం కంటే ముందు కుళ్ళు వచ్చింది. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు ఇలాంటి మాటలు రాయరని నాకూ తెలుసు. కానీ మా వదినకి ముస్తాబు చేసిన మాటలు పడవు, అందుకని ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

మా వదిన ఒంగోలు వైపు మిషన్ కాంపౌండ్‌లో పుట్టి పెరిగిన మనిషి. చిన్నప్పుడు క్వయర్‌లో పాడేదట. దుబాయ్‌లో నర్సుగా చేరి, కుదురుకున్నాక తమ్ముణ్ణి రప్పించి ఉద్యోగంలో పెట్టించింది. మేం ఇవాళ ఇంత తింటున్నామంటే ఆవిడ చలవే, అది నేనెప్పుడూ కాదనలేదు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే లేచి వెళ్ళి టీ పెట్టేది. ఇంటర్నేషనల్ సిటీ అని ఇక్కడో పెద్ద కాలనీ, అందులో పేటలకి దేశాల పేర్లు. మాది చైనా క్లస్టర్, ఆవిడది పర్షియా క్లస్టర్. ఏ వంకాయ కూరో చేస్తే వేడి తగ్గేలోపు పట్టుకెళ్ళేంత దూరం.

ఆవిడతో నాకున్న పెద్ద చిక్కు ఆవిడ మౌనం. ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేది కాదు. మన మొహంలోకే చూస్తూ ఉండేది. వినిపించలేదేమో అని మనం రెండోసారి అడిగేలోపు నింపాదిగా ఒక్క ముక్క చెప్పేది. "తొందరేముంది అమ్మాయ్, మాట ఎక్కడికి పోతుంది" అనేది. నేనేమో అవతలివాళ్ళ నోట్లో మాట నోట్లో ఉండగానే అందుకునే రకం. మా ఇద్దరికీ ఎలా పొసిగిందని అడక్కండి, నాకూ తెలియదు.

ఆ కెన్యా నర్సు పుణ్యమా అని ఆవిడ క్వేకర్లనే క్రైస్తవుల శాఖలో చేరింది. వాళ్ళు తమని తాము ఫ్రెండ్స్ అని చెప్పుకుంటారు. ఇక్కడ మా వదిన ఫ్లాట్‌లో కూడేవాళ్ళు పట్టుమని పదిమంది కూడా ఉండరు. పాస్టరు లేడు, పాట లేదు, ప్రసంగం లేదు, కానుక సంచి లేదు. గుండ్రంగా కుర్చీలు వేసుకుని గంటసేపు మౌనంగా కూర్చుంటారు. ఇక చెప్పకుండా ఉండలేను అన్నట్టు ఎవరికైనా లోపల్నుంచి మాట వస్తే లేచి చెప్తారు. అలా చెప్పినదానికి ఎవరూ బదులు చెప్పకూడదు. ఔననకూడదు, కాదనకూడదు, ఓదార్చకూడదు. ఆ మాటని మౌనంలోనే వదిలెయ్యాలి. కొన్ని వారాలు ఒక్కరూ లేవకుండానే గంట అయిపోతుంది, దాన్నీ ఆరాధనే అంటారు. అందరూ రాగానే మా వదిన ఫోన్లన్నీ పోగుచేసి బియ్యం డబ్బాలో పెట్టి మూతపెట్టేది. ఆఖర్న పక్కనున్న మనిషికి షేక్‌హ్యాండ్ ఇచ్చేది. అప్పుడు అయిపోయినట్టు లెక్క.

ఇదంతా ఆవిడ గొడవ, మనకేంటి అనుకుని ఊరుకున్నాను. మా పిల్లని అందులోకి లాక్కుపోయేదాకా.

కరోనా మొదలైనప్పుడు అది పదో తరగతి. స్కూలు ఫోన్‌లోకి వచ్చేసింది, పిల్ల గదిలోకి పోయింది. ఆ తర్వాత స్కూళ్ళు తెరిచారు, మాల్స్ తెరిచారు, పిల్ల మాత్రం బయటికి రాలేదు. అన్నం కెలికి వదిలేసేది. పిలిస్తే ఊ అనేది, అదీ ఒక్కోసారి. నేనడగని రోజు లేదు. ఏమైందే, ఎవరేమన్నారే, ఒంట్లో బాగాలేదా, మార్కుల భయమా, ఎవరైనా అబ్బాయా. బతిమాలాను, తిట్టాను, ఉపవాస ప్రార్థన పెట్టాను, మా సంఘం పాస్టరుగారి చేత ఫోన్‌లో మాట్లాడించాను. గోడకి చెప్పుకున్నట్టే ఉండేది.

ఒక శుక్రవారం పొద్దున మా వదిన వచ్చింది. గది తలుపు దగ్గర నిలబడి, "అక్కడ నిన్ను ఎవరూ ఏమీ అడగరు. వస్తావా?" అంది. అంతే. పిల్ల లేచి చెప్పులేసుకుని వెంట వెళ్ళిపోయింది. ఒక్కసారి కిందికైనా దిగవే తల్లీ అని నెలల తరబడి మొత్తుకున్న నేను సోఫాలో కూర్చుండిపోయాను.

అలా ప్రతి వారం వెళ్ళడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకి అన్నం తినడం మొదలుపెట్టింది. ఇంకొన్నాళ్ళకి అత్తతో మాట్లాడడం మొదలుపెట్టింది. చూడండి, అత్తతో. వాళ్ళింట్లోంచి ఇద్దరి నవ్వులు లిఫ్టు దాకా వినిపించేవి. మా ఇంటికి రాగానే మళ్ళీ ఊ, ఆ. నా కళ్ళలో నిప్పులు పోసినట్టుండేది. పిల్ల బాగుపడుతోందని దేవుడికి స్తోత్రం చెప్పుకోవాలా, నా దగ్గర కాకుండా పోయిందని ఏడవాలా? రెండూ చేశాను.

ఒకరోజు ఉండబట్టలేక మా వదినని నిలదీశాను. "దానికేమైందో మీకు తెలుసు. మీతో చెప్పింది. నేను దాని తల్లిని వదినా, నాకు చెప్పరా?"

ఆవిడ ఎప్పట్లాగే కాసేపు నా మొహంలోకి చూసింది. "చెప్పింది" అంది. "ప్రాణం మీదికి వచ్చేదేం కాదు, నువ్వు బెంగపెట్టుకోకు. కానీ అది దాని మాట అమ్మాయ్. అదే తెచ్చి నీకు ఇవ్వాలి కానీ, నేను ఇవ్వడం బాగుండదు."

ఆ మాట మంచిదే, ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు మాత్రం ఒళ్ళు మండి, నేను తీసుకెళ్ళిన చేపల పులుసు గిన్నె వెనక్కి పట్టుకొచ్చేశాను.

అక్కడ అంత గొప్ప ఏముందో చూద్దామని ఒక శుక్రవారం నేనూ తయారై వెళ్ళాను. జాకెట్టూ పట్టుచీరా, చేతిలో బైబిలు. అందరూ కూర్చున్నారు. కెన్యా నర్సు, స్కూలు మేష్టారుగా పనిచేసే ఒక ముసలి ఇంగ్లీషాయన, సెలూన్‌లో పనిచేసే ఫిలిప్పీన్స్ అబ్బాయి, ఇంకో ఇద్దరు ముగ్గురు. ఎవరూ మాట్లాడరే! నేను చూశాను, చూశాను. ఎవరికి వాళ్ళు మొహమాటపడుతున్నారేమో, ఇక్కడ మొదలుపెట్టే దిక్కు లేదు కాబోలు అనుకున్నాను. మా సంఘంలో ఇలాంటప్పుడు స్త్రీల సమాజం తరఫున లేచేది నేనే. లేచి, కొంగు తలమీదికి లాక్కుని, తెలుగులో గొంతెత్తి ప్రార్థన చేశాను. రోగుల కోసం, ఉద్యోగాలు పోయినవాళ్ళ కోసం, వీసాల కోసం, ఈ దేశాన్ని ఏలేవారి కోసం, అందరికోసం. ఆమెన్ అన్నాను. ఒక్కరూ ఆమెన్ అనలేదు. నా ప్రార్థన వాళ్ళకి ఆనలేదేమో అనిపించి ఇంకాస్త గట్టిగా రెండోసారి అందుకున్నాను.

అయ్యాక ఇంగ్లీషాయన వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని థాంక్యూ చెప్పాడు. వెటకారం కాదు, ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. మా పిల్ల మాత్రం చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుని వణికిపోతోంది. నవ్వు. ఇంటికొచ్చాక అది చెప్తే గానీ సంగతి నాకు తెలియలేదు. "మరి ముందే చెప్పొచ్చుగా, పరువు పోయింది" అని మా వదిన మీద విరుచుకుపడ్డాను. ఆవిడ నింపాదిగా, "నీకు చెప్పాలనిపించింది, చెప్పావు. మా అమ్మ ప్రార్థన గుర్తొచ్చింది నాకు" అంది. తప్పు చేసినా మెచ్చుకునే మనిషితో ఎలా వేగడం చెప్పండి. దెబ్బలాడడానికి కూడా సందివ్వదు.

ఆ మధ్య ఇక్కడ సర్కారు వారాంతం మార్చి శుక్రవారం బదులు ఆదివారం సెలవిచ్చింది కదా. మా సంఘంలో చేతులెత్తించి లెక్కపెట్టి ఆరాధన వేళలు మార్చేశారు, ఖలాస్. వీళ్ళు మాత్రం ఎటూ తేల్చరు. ఫిలిప్పీన్స్ అబ్బాయికి సెలవు శుక్రవారమే. మిగతా అందరికీ ఆదివారం కుదురుతుంది. వాళ్ళలో ఓట్లుండవు, అందరి మనసూ ఒక్కచోటికి వచ్చేదాకా ఆగడమే. నెలలు గడిచాయి. "ఒక్కడి కోసం ఇంతమంది కాళ్ళు కట్టుకుని కూర్చోవాలా?" అన్నాను. "కూర్చోవడమే కదా మా పని" అంది మా వదిన. ఆఖరికి ఆ అబ్బాయే తన ముదీర్‌ని, అదే మేనేజర్‌ని, బతిమాలుకుని సెలవు మార్పించుకున్నాడు. అప్పుడు మారారు ఆదివారానికి. పిల్ల ఈ కథ నాకు ఎంత గర్వంగా చెప్పిందనీ. నా గురించి ఎవరికైనా అలా చెప్తుందా అని మళ్ళీ అదే మంట నాకు.

ఈ ఏడు ఎండలు ముదిరే వేళకి ఆవిడ డ్యూటీలోనే కుప్పకూలింది. మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. మాట పడిపోయింది. నేను రోజూ జావ కాచి ఆసుపత్రికి పట్టుకెళ్ళేదాన్ని. పిల్ల కాలేజీ నుంచి అటే వచ్చి మంచం పక్కన కూర్చునేది. ఆవిడకి మాట లేదు, దీనికి మాట అక్కర్లేదు. ఇద్దరూ చేతులు పట్టుకుని అలా ఉండేవాళ్ళు. నేను స్పూనూ గిన్నే పట్టుకుని ఎక్కడ నిలబడాలో తెలియక నిలబడేదాన్ని. అక్కడ కూడా నాకు కుళ్ళే.

జబెల్ అలీలో ఉన్న క్రైస్తవుల శ్మశానంలో సమాధి చేశాం. అది మా సంఘం పద్ధతిలో జరిగింది. పాటలు నా తనివితీరా పాడించాను. తర్వాతి ఆదివారం ఆవిడ ఫ్లాట్‌లో ఫ్రెండ్స్ కూడారు. వాళ్ళ పద్ధతిలో జ్ఞాపకాల ఆరాధన. నేనూ మా ఆయనా వెళ్ళాం. ఈసారి నేను నోరు మూసుకునే కూర్చున్నాను. ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. చాలాసేపటికి మా పిల్ల లేచింది.

ఇంగ్లీషులో చెప్పింది గానీ నాకు ప్రతి ముక్కా అర్థమైంది. "నాలో ఒక మాట ఉండేది. ఏమైందని మా ఇంట్లో అడిగేవాళ్ళు. అడిగినకొద్దీ అది ఇంకా లోపలికి వెళ్ళేది. మా అత్త అడగలేదు. పక్కన కూర్చుంది. అందుకని చెప్పగలిగాను." అంతే, కూర్చుంది.

లేచి చెప్పాలనిపించింది. నేను అడిగింది ప్రేమకొద్దీ కాదా, ప్రతిరోజూ తలుపు బయట ఏడ్చింది నేను కాదా, పక్కన కూర్చోనివ్వనిది నువ్వు కాదా అని. నాలిక చివరిదాకా వచ్చింది. కానీ వాళ్ళ పద్ధతి తెలుసు, ఎవరూ బదులు చెప్పరు. పద్ధతి కోసం కూడా కాదు. ఇప్పుడు నేను నోరు తెరిస్తే ఈ పిల్ల ఇక జన్మలో నా దగ్గర నోరు తెరవదని భయమేసింది. ఈవిడా పోయింది, ఇక అది ఎవరి దగ్గరికి వెళ్తుంది? చేతిసంచిని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. అలా గంటంతా కూర్చోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. మా వదిన ఇన్నేళ్ళుగా చేసిన పని ఇదా అనుకున్నాను.

మొన్న శనివారం హాల్లో కింద కూర్చుని గోంగూర వలుస్తున్నాను. పిల్ల గదిలోంచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఒక కట్ట తీసుకుని తనూ వలవడం మొదలుపెట్టింది. ఇదివరకైతే ఏంటే విశేషం, దారి తప్పి వచ్చావా అనేదాన్ని. పళ్ళు బిగపట్టి ఆకు మీదే చూపు పెట్టాను. ఎంతసేపో తెలియదు.

"అమ్మా, ఏమీ అడగట్లేదేంటి?" అంది.

"నువ్వు చెప్పినప్పుడే వింటాలే" అన్నాను.

అప్పుడు చెప్పింది. అప్పుడేమైందో, ఎవరివల్లనో, ఎందుకు నాకు చెప్పలేకపోయిందో. అదేంటో మీకు రాయను. మా ఆయన అడిగారు, ఆయనకీ చెప్పలేదు. మధ్యలో ఒకచోట ఆగి, "ఇది మాత్రం అత్తకి కూడా చెప్పలేదు" అంది.

ఆ మాట వినగానే నాకు ఎలా ఉందో చెప్పనా? చెప్పులు కూడా వేసుకోకుండా పర్షియా క్లస్టర్‌కి పరిగెత్తి, తలుపు కొట్టి, "చూశారా వదినా, మీకు చెప్పనిది నాకు చెప్పింది" అని ఆవిడ ముందు నిలబడాలనిపించింది. ఆవిడ ఎప్పట్లా నా మొహంలోకి చూస్తూ ఉండిపోతుందనీ, ఆ తర్వాత నవ్వుతుందనీ అనుకున్నాను. అప్పుడు తట్టింది, తలుపు తీసే మనిషి లేదని. ఆవిడ పోయాక మొదటిసారి నాకు ఏడుపొచ్చింది అప్పుడే.

పిల్ల తల వంచుకుని ఆకు వలుస్తూ ఇంకా చెప్తూనే ఉంది. దాని మాట ఎక్కడ ఆగిపోతుందోనని, కారుతున్న ముక్కు తుడుచుకోవడానికి కూడా నేను చెయ్యెత్తలేదు.